మస్టరు చెప్పని సంగతులు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని మన కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు ఏమి రాయాలో చాలా రోజులు తోచలేదు. పెన్షన్ సవరణల గురించీ, వైద్య సదుపాయాల గురించీ రాయడానికి నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలో ఉన్నారు. నేను ఉద్యోగమంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిపినవాణ్ణి. నా చేతుల మీదుగా నడిచినవి మస్టర్లు, సర్వీసు రిజిస్టర్లు, సెలవు ఖాతాలు, ఇంక్రిమెంట్ ఆర్డర్లు, అప్పుడప్పుడూ చార్జిషీట్లు. ఈ కాగితాలన్నిటి వెనకా పై అధికారులకు ఒకటే అనుమానం ఉండేది. ఈ మనిషి సంస్థను నమ్ముకుని పనిచేస్తున్నాడా, లేక ఒకటో తారీఖు కోసం రోజులు నెట్టుకొస్తున్నాడా? ఆ అనుమానం తీర్చుకోవడానికి గడచిన నూరేళ్ళలో ఎవరెవరు ఏయే పద్ధతులు అవలంబించారు, వాటిలో మన తెలుగువారికి సంబంధించినవి ఏవి, అవి మన ఆటోనగర్ దాకా వచ్చేసరికి ఎందుకు చతికిలపడతాయి అన్నది నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందు ఆటోనగర్ సంగతి చెబుతాను. బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర దిగి లోపలికి నడిస్తే ఒక వీధిలో లారీ బాడీలు కడుతుంటారు, ఇంకో వీధిలో ఇంజన్లు విప్పి నేల మీద పరచి ఉంటాయి. టింకరింగ్, వెల్డింగ్, లేత్ పని, కమాన్ పట్టీలు, రేడియేటర్లు, సెల్ఫ్ మోటార్లు, సీట్ల కుట్టుపని, చివరకు నంబరు ప్లేటు రాసే పెయింటరు వరకు ఎవరి షెడ్డు వారిదే. అరవయ్యో దశకంలో జవహర్ ఆటోనగర్ ఏర్పడిన నాటినుంచి ఎందరో స్పానర్లు అందించే కుర్రాళ్ళుగా చేరి, హెల్పర్లయి, మెకానిక్కులయి, మేస్త్రులయి, అక్కడే ముసలివాళ్ళయ్యారు. వారిలో చాలామందికి అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు. చేరిన తేదీ ఎవరూ రాసుకోలేదు. మస్టరు లేదు కనుక సెలవూ లేదు, గైరుహాజరూ లేదు.

ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. చట్టాలే అలా గీతలు గీశాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట పదిమంది, వాడని చోట ఇరవైమంది పనివాళ్ళుంటే గాని దాన్ని ఫ్యాక్టరీ అనలేదు. 1952 ప్రావిడెంట్ ఫండ్ చట్టం మొదట యాభైమందిని అడిగింది, 1960 తరువాత ఇరవైమందికి దిగింది. 1972 గ్రాట్యుటీ చట్టానికి పదిమంది కావలసివచ్చింది. ఒక మేస్త్రి, ఇద్దరు మెకానిక్కులు, ఇద్దరు కుర్రాళ్ళు ఉన్న షెడ్డు ఈ గీతలన్నిటి కిందనుంచి జారిపోయింది. మనలాంటివాళ్ళకు 1995 నవంబరు 16న వచ్చిన ఉద్యోగుల పెన్షన్ పథకమో, ప్రభుత్వ పెన్షనో, రైల్వే పెన్షనో ఏదో ఒకటి దక్కింది. దానికి ఆధారం మన పనితనం కాదు, మన సర్వీసు పుస్తకం. ఈ తేడా మనస్సులో ఉంచుకుని మిగతా కథ వినవలసిందిగా కోరుతున్నాను.

ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని కమిట్‌మెంట్ అంటారు. మనవాళ్ళు అంకితభావం అనీ, నిబద్ధత అనీ తర్జుమా చేశారు. ఆటోనగర్‌లో ఈ రెండు మాటలూ ఎవరి నోటా వినబడవు. అక్కడ అనే మాట “ఆయన్నే నమ్ముకుని ఉన్నాడండి” అని. ఈ మాటలో ఇష్టం ఉంది, ఉప్పు తిన్న విశ్వాసం ఉంది, వేరే దిక్కు లేకపోవడమూ ఉంది. మూడూ కలిసిపోయి ఉంటాయి. ఒక మనిషి విషయంలో ఈ మూడింటిలో ఏది ఎంత అన్నది తేల్చుకోలేకనే పరిశోధకులు నూరేళ్ళపాటు తలలు బద్దలు కొట్టుకున్నారు.

మన దేశంలో ఈ ప్రశ్న పెద్ద ఎత్తున అడిగింది 1929లో నియమించిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్. జె.హెచ్. విట్లీ అధ్యక్షుడు కనుక విట్లీ కమిషన్ అనే పేరే నిలిచింది. వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు, ఎన్.ఎం. జోషి, జి.డి. బిర్లా సభ్యులు. ఈ కమిషన్‌ను బహిష్కరించాలా, సహకరించాలా అన్న తగాదా మీదనే 1929లో నాగపూరులో, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జరిగిన ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మహాసభ చీలిపోయింది. విడిపోయి వేరే ఫెడరేషన్ పెట్టుకున్నవారిలో జోషితో పాటు మన వి.వి. గిరిగారు ఉన్నారు. రైల్వే కార్మికోద్యమం నుంచి వచ్చి 1952లో కేంద్ర కార్మిక మంత్రి, 1969లో రాష్ట్రపతి అయిన గిరిగారి పేరు మన రైల్వే సోదరులకు నేను చెప్పనక్కరలేదు. కార్మికుడి సంగతి ఎవరు విచారించాలి, ఆ విచారణ ముందు కార్మికుడు నోరు విప్పాలా వద్దా అన్నదే ఒక మహాసభను రెండు ముక్కలు చేసిందంటే, పరిశోధనా పద్ధతి అనేది కేవలం పండితుల గొడవ కాదని తెలుస్తోంది.

కమిషన్ వారి పద్ధతి అప్పటి రివాజు ప్రకారమే నడిచింది. ప్రభుత్వాలకూ, యజమానుల సంఘాలకూ, కార్మిక సంఘాలకూ ప్రశ్నలు పంపడం, మహజర్లు తెప్పించుకోవడం, ఊరూరా తిరిగి సాక్ష్యం తీసుకోవడం, మిల్లులూ గనులూ కళ్ళతో చూడడం. 1931లో వచ్చిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గ పుస్తకం. అందులో రెండు సంగతులు మనకు ముఖ్యం. ఒకటి, భారతదేశపు ఫ్యాక్టరీ కార్మికుడు మనస్సులో ఇంకా పల్లెటూరివాడేననీ, ఊరి పేదరికం తరిమితే పట్నం వచ్చాడే గాని పట్నం మీద మోజుతో రాలేదనీ, ఊరితో అతని సంబంధం తెంచకుండా దాన్ని ఒక క్రమంలో పెట్టాలనీ అన్నారు. రెండవది, పనిలోకి తీసుకోవడం, తీసివేయడం జాబర్ చేతుల్లో ఉండటమే లంచాలకు మూలమనీ, ఆ అధికారం తీసి లేబర్ ఆఫీసరుకు ఇవ్వాలనీ సిఫార్సు చేశారు. తరువాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో అయిదువందల మంది దాటిన చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలన్న నిబంధన వచ్చింది. మనం చూసిన పర్సనల్ డిపార్ట్‌మెంట్లకు ముత్తాత ఆ లేబర్ ఆఫీసరే.

ఉత్తరాదిన జాబర్, సర్దార్ అని పిలిచిన మనిషిని మన వైపు మేస్త్రి అన్నారు. ఆ మేస్త్రి చరిత్రలో మన తెలుగువారి కన్నీళ్ళు చాలా ఉన్నాయి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడ మీద రంగూన్ వెళ్ళిన కూలీలను కోరంగి రేవు పేరు మీద అక్కడ “కోరంగి”లని పిలిచేవారు. మేస్త్రి ముందుగా బాకీ ఇచ్చి, ఓడ చార్జీ పెట్టుకుని తీసుకువెళ్ళేవాడు. ఆ బాకీ తీరేవరకు మనిషి ఆ గుంపు వదలి పోలేడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మావాళ్ళను పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళను తిరిగి తీసుకోగానే బర్మావాళ్ళ పని పోయింది. దానితో అల్లర్లు చెలరేగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి కూలీల స్థితిగతులు ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో ప్రచురించిన “ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్” అనే పుస్తకంలో వివరంగా ఉన్నాయి. నేను దీన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం వేరే. ఆ కూలీల హాజరు లెక్క మాత్రమే చూసినవాడికి, ఏళ్ళ తరబడి ఒకే మేస్త్రి కింద పనిచేసిన మనిషి గొప్ప విశ్వాసపాత్రుడుగా కనిపిస్తాడు. బాకీ పుస్తకం చూసినవాడికి సంగతి తెలుస్తుంది.

విట్లీ కమిషన్ వారి “మనస్సులో పల్లెటూరివాడు” అన్న మాట మాత్రం ఏళ్ళు గడిచినకొద్దీ బలపడింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1950లలో, అమెరికా విశ్వవిద్యాలయాల వారు వచ్చి భారత కార్మికుడికి పారిశ్రామిక జీవితం మీద నిబద్ధత ఉందా లేదా అని చర్చలు పెట్టారు. సంక్రాంతికి ఊరు వెళ్ళి పది రోజులు రాలేదంటే నిబద్ధత లేదన్నమాట! నిబద్ధత లేనివాడికి ఇల్లు ఎందుకు, శిక్షణ ఎందుకు, పర్మనెంటు చేయడం ఎందుకు అన్న వాదన దానికి తోక. ఈ తోక సంగతే మనం గమనించాలి. పరిశోధన తేల్చిన మాట జీతం మీద పడుతుంది.

దీనికి గట్టి జవాబు ఇచ్చినవాడు మోరిస్ డేవిడ్ మోరిస్ అనే ఆర్థిక చరిత్రకారుడు. ఆయన కార్మికుల మనస్సులోకి తొంగిచూడలేదు, బొంబాయి బట్టల మిల్లుల పాత రికార్డుల్లోకి చూశాడు. 1965లో వెలువడిన ఆయన పుస్తకం చెప్పిందేమిటంటే, 1854 నుంచి 1947 వరకు బొంబాయి మిల్లులకు మనుషుల కొరత గాని, నిలకడ లేని మనుషుల బెడద గాని చెప్పుకున్నంతగా లేదు. రోజూ గేటు దగ్గర బదిలీ మనుషులు కాచుకుని ఉండేవారు. ఒకడు రాకపోతే ఇంకొకణ్ణి పిలుచుకోవడం యజమానులకు చవక. క్రమశిక్షణ లేదన్న మాట నిజమైన చోట కూడా దాని మూలం పల్లెటూళ్ళలో గాక మిల్లుల నిర్వహణ తీరులోనే ఉందని ఆయన వాదం. ఆయన లెక్కలతో విభేదించినవారూ ఉన్నారు. అయినా నలభై ఏళ్ళపాటు అందరూ నమ్మిన మాటను కాగితం పట్టుకుని కదిలించినవాడు ఆయన. మస్టర్లు రాసిన గుమాస్తాగా నాకు ఆయనంటే కాస్త పక్షపాతం ఉన్నమాట ఒప్పుకుంటాను.

కాగితాలు వదిలి మనుషుల దగ్గరకు వెళ్ళినవారి కథ అమెరికాలో మొదలైంది. చికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు వరుసగా ప్రయోగాలు జరిగాయి. దీపాల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని మొదలుపెట్టి, ఎటూ తేల్చుకోలేక, 1928 నుంచి కార్మికులతో మాట్లాడడం ప్రారంభించారు. ఇరవై వేల మందికి పైగా మాట్లాడారు. మొదట ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగారు. జనం ఆ ప్రశ్నలు పక్కనపెట్టి తమ గోడు తాము చెప్పుకోసాగారు. చివరకు పరిశోధకులే ప్రశ్నలు మడిచి జేబులో పెట్టుకుని, చెప్పేది వింటూ కూర్చోవడమే పద్ధతిగా మార్చుకున్నారు. ఆ తరువాత 1931–32లో పద్నాలుగు మంది కార్మికులను ఒక గదిలో పెట్టి ఒక మనిషిని మూల కూర్చోబెట్టి గమనింపజేశారు. అక్కడ తేలింది వింత సంగతి. రోజుకు ఎంత పని చేయాలో వాళ్ళలో వాళ్ళే ఒక హద్దు పెట్టుకున్నారు. ఎవడైనా అత్యుత్సాహంతో దాన్ని దాటితే పక్కవాడు భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎక్కువ చేస్తే రేపు రేటు తగ్గిస్తారని వారి భయం. ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మన వర్క్‌షాపుల్లో పనిచేసిన సోదరులు దీన్ని చదివి నవ్వుకుంటారనుకుంటాను. ఇది కనిపెట్టడానికి వారికి అన్నేళ్ళు పట్టిందా అని!

మన దేశంలో ఇలాంటి ప్రయోగం 1953లో అహ్మదాబాదు కాలికో మిల్లులో జరిగింది. లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చాడు. ఆటోమాటిక్ మగ్గాల షెడ్డులో ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న పని పంచి పెట్టినప్పుడు కుదరని పని, కొందరిని ఒక జట్టుగా చేసి కొన్ని మగ్గాలు ఆ జట్టుకే అప్పగిస్తే కుదిరింది. నేతా పెరిగింది, పాడయ్యే గుడ్డా తగ్గింది. 1958లో రైస్ పుస్తకం వచ్చి ప్రపంచమంతా చెప్పుకున్నారు. అక్కడితో ఆపి ఉంటే అది ఒక విజయగాథ. అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ తరువాత మళ్ళీ వెళ్ళి చూసి 1975లో ప్రచురించినదాని ప్రకారం, ఒక షెడ్డులో జట్టు పద్ధతి చాలావరకు నిలిచింది, మిగతా చోట్ల పాత పద్ధతికే జారిపోయింది. మళ్ళీ వెళ్ళి చూసేవారు తక్కువ. నా ఉద్యోగకాలంలో ఎన్నో స్కీములు ప్రారంభోత్సవం చూశాను గాని, అయిదేళ్ళ తరువాత వచ్చి ఏమైందని అడిగినవారిని చూడలేదు.

ఇక ప్రశ్నాపత్రాల కాలం. 1979లో మౌడే, స్టీర్స్, పోర్టర్ అనే ముగ్గురు అమెరికన్లు పదిహేను వాక్యాల పత్రం ఒకటి ప్రకటించారు. ఒక్కొక్క వాక్యానికి “ఏమాత్రం ఒప్పుకోను” నుంచి “పూర్తిగా ఒప్పుకుంటాను” వరకు ఏడు మెట్లు. కళ్ళు మూసుకుని ఒకే వరుసలో టిక్కులు పెట్టేవారిని పట్టుకోవడానికి ఆరు వాక్యాలు తిరగేసి రాశారు. 1990లో కెనడాలో ఆలెన్, మేయర్ అనేవారు కమిట్‌మెంట్‌ను మూడుగా విడదీశారు. ఇష్టపడి ఉండిపోవడం, వదిలితే నష్టం గనుక ఉండిపోవడం, ఉండటం ధర్మం అనుకుని ఉండిపోవడం. ఒక్కొక్కదానికి ఎనిమిదేసి వాక్యాలు. మన “నమ్ముకుని ఉండటం”లో కలిసిపోయి ఉన్నవాటిని విప్పి మూడు గిన్నెల్లో పోసినట్టయింది. పుస్తకం చదివినప్పుడు నాకు సంతోషం వేసింది, కాని ఆ వాక్యాలను తెలుగులో పెట్టి చూస్తే కష్టం తెలుస్తుంది. తెలుగులోకి ఒకరు మార్చి, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, రెండూ సరిపోల్చడం పద్ధతి. అలా మాటలు కుదిరినా మెట్లు కుదరవు. కృష్ణా జిల్లాలో మనిషిని ఎలా ఉందని అడిగితే “ఫరవాలేదండి” అంటాడు. అది ఏడు మెట్లలో ఎన్నోది? బాగుందనీ కావచ్చు, నాతో చెప్పించకండి అనీ కావచ్చు.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన చోట ఒకసారి ఇలాంటి పత్రాలు పంచి పెట్టారు. మేనేజ్‌మెంట్ చదివే పిల్లలెవరో చదువు కోసం చేసిన పని, వారి తప్పేమీ లేదు. పత్రాలు పంచమనీ, నింపినవి నెంబరుతో సహా వసూలు చేసి టేబుల్ మీద పెట్టమనీ పైనుంచి నాకే ఆజ్ఞ అయింది. ఒక డ్రైవరు నా కుర్చీ పక్కకు వచ్చి వంగి, “మాస్టారూ, ఏ గడిలో టిక్కు పెడితే ఇంక్రిమెంటుకి ఇబ్బంది ఉండదండీ?” అని అడిగాడు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, చివరి గడి చూపించాను. ఆ రోజు నా టేబుల్ మీదికి వచ్చిన పత్రాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. మా వాళ్ళంతా సంస్థ కోసం ప్రాణాలిచ్చేవారని ఆ లెక్క ప్రకారం తేలి ఉంటుంది. తిరగేసి రాసిన వాక్యాలకు కూడా చివరి గడిలోనే టిక్కు పెట్టారు కనుక, ప్రాణాలిస్తామనీ ఇవ్వమనీ కూడా తేలి ఉంటుంది!

వినేవాడు ఒకడు, నిర్ణయించేవాడు ఇంకొకడు అయితే ఏమవుతుందన్నది మన కృష్ణా జిల్లా కేసులోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తేలిన విషయం. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ఆ సంస్థకు అప్పగించే పథకానికి ప్రైవేటు బస్సు యజమానులు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చేసినది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపొందిన ఈ వ్యాజ్యంలో 1958 నవంబరు 5న మెజారిటీ తీర్పు రాసినవారు మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. విన్నవాడు ఒకడై నిర్ణయించేవాడు వేరొకడైతే ఆ వినడం ఉత్త తంతు అవుతుందన్నది అందులో సారాంశం. పథకం కొట్టివేశారు. మళ్ళీ ముఖ్యమంత్రే స్వయంగా విని నిర్ణయం చేసిన తరువాత, 1959లో రెండవ కేసులో పథకం నిలిచింది. అది చట్టానికి సంబంధించిన మాట, పరిశోధనకు కాదని నాకు తెలుసు. అయినా నా టేబుల్ మీది ఆ పత్రాలు గుర్తుకు వచ్చినప్పుడల్లా ఈ కేసు కూడా గుర్తుకు వస్తుంది. డ్రైవరు చెప్పదలచుకున్నది వినగలిగిన స్థానంలో ఉన్నవాణ్ణి నేను. నాకు గడి చూపించడమే తెలిసింది.

షెడ్డుల మధ్య తిరిగి, కార్మికుల ఇళ్ళకు వెళ్ళి కూర్చుని రాసినవారు కూడా ఉన్నారు. ఎన్.ఆర్. షేత్ గుజరాత్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉండి గమనించి 1968లో పుస్తకం ప్రచురించారు. మన పక్కనే బెంగుళూరు కార్మికుల మీద మార్క్ హోమ్‌స్ట్రోమ్ 1976లో రాశాడు. ఆయన పర్మనెంటు ఉద్యోగాన్ని ఒక కోటతో పోల్చాడు. లోపల ఉన్నవాడికి జీతం, రక్షణ, పెన్షన్. బయట ఉన్నవాడికి ఏమీ లేదు. తరువాత చిన్న వర్క్‌షాపుల్లోనూ తిరిగి, 1984లో ఇంకో పుస్తకంలో తన ఉపమానం సరికాదని తానే ఒప్పుకున్నాడు. కోటగోడ కాదు, కొండవాలు లాంటిదన్నాడు. కొందరు కాస్త పైన, కొందరు కాస్త కింద. ఒకసారి అచ్చయిన మాటను వెనక్కు తీసుకునే పండితులు అరుదు గనుక ఆయనంటే గౌరవం. అయితే ఆటోనగర్‌నుంచి చూస్తే నాకు ఆయన మొదటి మాటే కొంత నిజమనిపిస్తుంది. పనితనంలో కొండవాలే. మా వర్క్‌షాపు మెకానిక్కుకు అంతుపట్టని గేరుబాక్సును ఆటోనగర్ మేస్త్రి చెవి పెట్టి విని చెప్పిన సందర్భాలు ఉన్నాయి. వృద్ధాప్యంలో మాత్రం గోడే.

అందుకనే గత రెండేళ్ళుగా నేనూ మన సభ్యులు ఇద్దరూ కలిసి, ఆటోనగర్‌లో పని మానేసిన వృద్ధులతో మాట్లాడి నోటుబుక్కులో రాసుకుంటున్నాం. పైన చెప్పినవారి పొరపాట్ల నుంచే మా పద్ధతి కొంత కుదిరింది. షెడ్డులో, ఓనరు ఎదురుగా అడగం. ఇంటికి వెళ్తాం, ఒక్కసారితో సరిపెట్టుకోం. తేదీలు ఎవరికీ గుర్తుండవు కనుక, జనాభా లెక్కల వాళ్ళు వయస్సు కట్టడానికి వాడే ఉపాయమే వాడుతున్నాం. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటికి ఏ షెడ్డులో ఉన్నారు? 1983లో రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యేటప్పటికి పెళ్ళి అయిందా? 1988 డిసెంబరు కర్ఫ్యూ రోజుల్లో ఎవరి దగ్గర పని? 2009 కృష్ణ వరదప్పుడు? ఇలా మేకులు కొట్టుకుంటూ వస్తే నలభై ఏళ్ళ సర్వీసు ఒక వరుసలో నిలబడుతుంది. తరువాత దొరికిన కాగితంతో సరిచూసుకుంటాం. పాత డ్రైవింగ్ లైసెన్సు, పిల్లల స్కూలు సర్టిఫికెట్‌లో తండ్రి వృత్తి, ఆయుధపూజ నాడు షెడ్డు ముందు తీసిన ఫోటో, యూనియన్ చందా రసీదు ఏదైనా పనికివస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఇలాంటివి ఎన్ని ఇళ్ళలో తడిసి ముద్దయ్యాయో లెక్కలేదు. ఈ పని తొందరగా చేయాలనడానికి అదొక కారణం, వారి వయస్సు ఇంకొక కారణం.

ఇంకొక జాగ్రత్త మాకు ఆలస్యంగా తట్టింది. ఉండిపోయినవారినే అడిగితే అందరూ నమ్ముకుని ఉన్నవారే అవుతారు. మధ్యలో వదిలి వెళ్ళినవారు, చెయ్యి పోయి మానేసినవారు, కువైట్ వెళ్ళినవారు, కిళ్ళీకొట్టు పెట్టుకున్నవారు కూడా ఆ చరిత్రలో భాగమే. వారిని వెతకడం కష్టంగా ఉంది. మన సంఘం వార్షికోత్సవాల్లో సంస్థ మీద ప్రేమ గురించి మనం చేసే ఉపన్యాసాలకు కూడా ఇదే లోపం ఉంది. మధ్యలో రిమూవ్ అయినవారు మన వేదిక మీద ఉండరు.

డెబ్బై దాటిన ఒక బాడీ బిల్డింగ్ మేస్త్రిగారితో జరిగిన సంభాషణ రాసి ముగిస్తాను. ఆయన ఒకే షెడ్డులో ఇరవై ఆరేళ్ళు ఉన్నారు. ఎందుకున్నారని మొదటిసారి అడిగితే, “ఓనరుగారు మంచోరండి” అన్నారు. ఆ మాటే రాసుకున్నాను. రెండవసారి వెళ్ళినప్పుడు పని గురించి తప్ప వేరే ఏమీ మాట్లాడలేదు. క్యాబిన్ చట్రానికి కర్ర ఎలా ఎంచాలో గంటసేపు చెప్పారు. మూడవసారి వారి ఇంట్లో కాఫీ ఇస్తూ ఆయన భార్య, “మంచోరే అన్నయ్యగారూ, పెద్దపిల్ల పెళ్ళికి అడ్వాన్సు ఇచ్చారుగా, అది తీరేదాకా ఎక్కడికి పోతారు?” అన్నారు. మేస్త్రిగారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కాసేపటికి, “అది నిజమే మాస్టారూ. ఎనిమిదేళ్ళు పట్టింది తీరడానికి. తీరాక కూడా పదకొండేళ్ళు చేశానుగా, అదీ రాయండి మరి” అన్నారు. రెండూ రాసుకున్నాను.

ఇప్పటికి ఒక నోటుబుక్కు నిండింది, రెండవది మొదలుపెట్టాం. పేర్లు బయటపెట్టం అని ఒక్కొక్కరికీ మాట ఇచ్చాం కనుక వాటిని అచ్చులో చూపడం లేదు. ఆటోనగర్‌లో బంధువులో, పాత పరిచయస్తులో ఉన్న సభ్యులు, ముఖ్యంగా పని మధ్యలో వదిలినవారి ఆచూకీ తెలిసినవారు, నెలవారీ సమావేశం రోజున సంఘం గదిలో నన్ను కలుసుకోవలసిందిగా మనవి.